బావగారి మోకాలు

బావగారిని పడవలోంచి దింపుతుంటే కాలవగట్టు మీద నిలబడి మా అత్తగారు అడిగిన మొదటి మాట, “కాలు ఏదిరా?” అని.

ఆవిడకు అప్పటికే చూపు బాగా మందగించింది. నలుగురు మనుషులు నులకమంచం ఎత్తి పట్టుకుని గట్టెక్కుతుంటే, అడ్డం వెళ్ళి దుప్పటి మీద చేత్తో తడిమి చూసింది. కుడికాలు పాదం దాకా ఉంది. ఎడమవైపు మోకాలు దాటాక జానెడు దూరంలో దుప్పటి చదునుగా మంచానికి అంటుకుపోయి ఉంది. ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది. కాలు తీసేస్తున్నారని మా వారు రాజమండ్రి నుంచి ముందే కబురు పంపారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తెలిసినా, తీసేసిన కాలు కూడా మనిషితోపాటు ఇంటికి వస్తుందనే అనుకుంది.

“ఆసుపత్రిలోనే ఉండిపోయిందమ్మా” అన్నారు మా వారు.

“ఉండిపోవడమేంట్రా, మరిచిపోయి వచ్చిన గొడుగులాగా? నేను కన్న కాలురా అది. దానికి దహనమన్నా చెయ్యొద్దూ?”

మా వారికి ఆ ఆలోచనే రాలేదట. వాళ్ళు దాన్ని ఏం చేశారో కూడా అడగలేదట. అత్తగారు ఇంటికి రాగానే నూతి దగ్గర తల మీద నీళ్ళు పోసుకుని, తడిబట్టతోనే అరుగు మీద కూర్చుని, కాలికి మైల ఎన్నాళ్ళో పురోహితుణ్ణి అడిగి రమ్మంది. మనిషి బతికుండగా మైలేమిటండీ అన్నాడట ఆయన. “మనిషి ఉన్నాడయ్యా, కాలు పోయింది కదా!” అని ఆవిడ ఆ పూట మెతుకు ముట్టలేదు. ఇప్పుడు చెబుతుంటే నవ్వొస్తుంది గాని ఆ రోజు నాకు నవ్వు రాలేదు. వంటింటి తలుపు సందులోంచి ఆ చదునైన దుప్పటి చూస్తూ కొయ్యబారిపోయాను.

బావగారంటే మా వారి అన్నగారు. అప్పటికి నలభై అయిదు దాటి ఉంటాయి. పెళ్ళివంటల్లో ఆయనది అందెవేసిన చెయ్యి. నేలలో తవ్విన పొడుగాటి గాడిపొయ్యి మీద వరసగా గుండిగలు ఎక్కించి, ఆ చివర నుంచి ఈ చివరకు తెడ్డు పట్టుకుని తిరుగుతుంటే ఊరి జనం చూడటానికి వచ్చేవారట. మా వారు ఆయన కింద రెండో చెయ్యి. అన్నగారు పక్కన లేకపోతే మా వారికి పులుసులో ఉప్పెంతో, ఉప్పులో పులుసెంతో తెలియదు. ఈ ఇల్లు ఆ తెడ్డు మీదే నడిచేది.

మండపేటలో ఒక పెళ్ళికి చింతకట్టెలు చీలుస్తుంటే పేడు ఎగిరి ఆయన మడమలో దిగింది. ఇంత పసుపు అద్ది, గుడ్డ చుట్టి, ఆ పెళ్ళి అయ్యేదాకా పొయ్యి సెగలో నిలబడ్డారు. ఆ తర్వాత ఇంకో పెళ్ళి ఉంది, దాని తర్వాత మరొకటి. పాదం నల్లబడి వాసన వేసేదాకా ఎవరి మాటా వినలేదు. రాజమండ్రి పెద్దాసుపత్రిలో దొర డాక్టరు చూసి, ప్రాణం కావాలంటే కాలు వదులుకోవాలన్నాడట.

ఇక నా సంగతి చెప్పాలి. నేను కాపరానికి వచ్చిన నాటి నుంచి బావగారి ఎదుట పడింది లేదు, ఆయనతో ఒక్క మాట మాట్లాడింది లేదు. మా ఇళ్ళల్లో తమ్ముడి భార్య బావగారి ముందు నిలబడకూడదు. ఆయన వసారాలోకి వస్తే నేను వంటింట్లోకి, ఆయన వంటింటి వైపు వస్తే నేను పెరట్లోకి. వండేది నేనే అయినా వడ్డించేది అత్తగారు. ఆయన భార్య, నా తోడికోడలు, నేను రాకముందే పోయింది. పిల్లలు లేరు. అన్నేళ్ళు ఒకే కప్పు కింద ఉండి కూడా ఆయన ముఖం ఎలా ఉంటుందో నేను సరిగా చెప్పలేకపోయేదాన్ని.

ఆ రోజు పడవలో వాళ్ళతోపాటు ఆసుపత్రి కాంపౌండరుగారు ఒకరు వచ్చారు. ఆయనది పక్క ఊరు. ఇంటికి వెళుతూ మా వసారాలో ఆగి, కట్టు ఎలా విప్పాలో ఎలా కట్టాలో మా వారికి చూపించబోయారు. మా వారికి నెత్తురు చూస్తే కళ్ళు తిరుగుతాయి. రెండో చుట్టు విప్పేసరికి దభీమని పడ్డారు. ఆయన ముఖాన నీళ్ళు చల్లి, కాంపౌండరుగారు తల ఎత్తి, “ఇంకెవరు చూస్తారండీ ఈయన్ని?” అని అడిగారు.

“నేనున్నాను కదండీ” అంది అత్తగారు, ఆయన కూర్చున్న వైపు కాకుండా స్తంభం వైపు తిరిగి.

ఆయన ఆవిడ కళ్ళ వంక చూశారు. తర్వాత గొంతు పెంచి, తలుపు వెనక ఎవరో ఉన్నారని తెలిసే, తలుపుకు చెప్పారు. మరిగించి చల్లార్చిన నీళ్ళతో కడగండి. గుడ్డలు కూడా ఉడకబెట్టి ఎండలో ఆరెయ్యండి. రోజూ కాసేపు బోర్లా పడుకోబెట్టండి. “అన్నిటికన్నా ముఖ్యం, మోకాలు చాపి ఉంచాలండీ. నొప్పిగా ఉందని కింద దిండు పెట్టమంటారు. పెట్టకండి. మోకాలు వంగి బిగుసుకుపోయిందంటే కొయ్యకాలు పట్టదు. ఇక మంచమే గతి.”

కాలు పోవడం ఒక దెబ్బ అనుకుంటే, ఆ మాట నాకు రెండో దెబ్బ. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అదే. ఉన్న మోకాలు కూడా పోవచ్చునన్నమాట. బావగారు మళ్ళీ పొయ్యి ముందు నిలబడటమో, వసారాలో కుళ్ళిపోవడమో ఆ ఒక్క కీలు మీద ఉంది. ఆ సంగతి అర్థమైన ఒకే ఒక్క మనిషిని నేను. నేనేమో ఆయన ముందుకు వెళ్ళకూడని మనిషిని.

మొదట్లో కట్టు అత్తగారే మార్చింది. నేను నీళ్ళు కాచి గుమ్మం దాకా తెచ్చి పెట్టేదాన్ని. మా వారు పెళ్ళిళ్ళకు వెళ్ళిపోయారు. ఒప్పుకున్న వంటలు ఉన్నాయి, వెళ్ళక తప్పదు.

ఒక మధ్యాహ్నం బావగారు, “అమ్మా, బొటనవేలు దురద పెడుతోందే, కాస్త గోకు” అన్నారు.

ఏ కాలిదో ఆవిడ అడగలేదు. తల్లి కదా, గొంతును బట్టే తెలిసిపోయింది. మంచం చివరికి వెళ్ళి, కాలు ఉండాల్సిన చోట, ఉత్త దుప్పటి మీద వేళ్ళతో గోకింది. “ఇంకాస్త కిందికి” అన్నారు ఆయన. కిందికి జరిగి గోకింది. “హమ్మయ్య” అన్నారు.

గుమ్మం దగ్గర నా చేతిలో నీళ్ళచెంబు జారిపోయింది. ఆసుపత్రిలో వదిలేసి వచ్చిన కాలు ఎవరికీ కనబడకుండా ఇంటికి వచ్చేసిందా అని నిజంగానే భయపడ్డాను. ఆ తర్వాత చాలా ఏళ్ళకు, కాలు పోయినవాళ్ళకు అలా అనిపిస్తుందని ఎవరో చెబితే విన్నాను. ఆ రోజు మాత్రం ఆ మంచం చివర వైపు తిరిగి చూడటానికే నాకు ధైర్యం చాలలేదు.

తర్వాత వాసన మొదలైంది. వంటింట్లో కూర్చుంటే పోపు వాసనను మించి వస్తోంది. అత్తగారిని అడిగితే, “పుండు మానేటప్పుడు అలాగే ఉంటుందిలే” అంది. నాకు నమ్మకం కలగలేదు. ఆవిడ కట్టు విప్పుతుంటే ముసుగు వేసుకుని గుమ్మం దాటి లోపలికి వెళ్ళాను. మొండికాలి చివర కుట్ల మధ్య తెల్లగా ఏదో కదులుతోంది. అత్తగారు దాని మీదే కొబ్బరినూనె గుడ్డ వేసి కట్టబోతోంది.

“పురుగులండీ!” అని కేక పెట్టాను.

ఆవిడ చెయ్యి అక్కడే ఆగింది. “ఏవీ? నాకు కనబడటం లేదే!” అంది. ఆ గొంతు నేను ఎన్నడూ వినలేదు. కొడుకు ఒంట్లో పురుగులున్నా తనకు కనబడలేదని ఆవిడ హడలిపోయింది. చేతిలోని గుడ్డ నాకిచ్చి, “రోగికి వావివరసలేంటే? పసిపిల్లాడితో సమానం. నువ్వే చూడు” అంది.

అలా నాకు బావగారి ముఖం కన్నా ముందు ఆయన పుండు పరిచయమైంది. తల వంచుకుని, ముసుగు పంటితో బిగించి పట్టుకుని, దబ్బనం మొనతో ఒక్కొక్క పురుగూ తీసేదాన్ని. మాట్లాడటం మాత్రం ఇద్దరమూ అత్తగారి ద్వారానే. “అత్తయ్యగారూ, కాలు కదపవద్దని చెప్పండి” అనేదాన్ని. “కాలు కదపకురా” అనేది ఆవిడ. “కదపటం లేదని చెప్పమ్మా” అనేవారు, నాకు బారెడు దూరంలో పడుకుని. ఆవిడ లేనప్పుడు మంచం కోడుకు చెప్పేదాన్ని. కోడు తిరిగి ఏమీ చెప్పేది కాదు గాని కాలు కదలటం ఆగేది.

పుండు శుభ్రపడింది. ఇక దిండు దగ్గర వచ్చింది తగువు.

అత్తగారికి ఒక బూరుగుదూది దిండు ఉండేది. తన తల కింద తీసి కొడుకు మోకాలి కింద పెట్టేది. నేను తీసేసేదాన్ని. నేను వంటింట్లోకి వెళ్ళేసరికి మళ్ళీ పెట్టేది. దిండు పెడితే నొప్పి తగ్గుతుంది, ఆయనకు కునుకు పడుతుంది. తీసేస్తే మూలుగుతారు. కొడుకు మూలుగు వింటూ కూర్చోగల తల్లి ఎక్కడుంటుంది? “వద్దన్నారండీ” అంటే, “ఆ చెప్పినాయన కన్నాడా వీణ్ణి?” అనేది. బోర్లా పడుకోమని మంచం కోడుకు చెబితే బావగారు వినబడనట్టు కళ్ళు మూసుకునేవారు. అటు అత్తగారికి ఎదురు చెప్పకూడదు, ఇటు బావగారితో మాట్లాడకూడదు.

ఒక ఉదయం కడుగుతూ మొండికాలు కిందికి నొక్కాను. దిగలేదు. ఇంకాస్త నొక్కాను. ఆయన అరిచారు గాని మోకాలు మాత్రం కొయ్యలా బిగుసుకుని, వంగింది వంగినట్టే ఉంది. ఆ కోపంలో, ఆ భయంలో నేను ఎవరో, ఎవరి కోడలినో నాకు గుర్తు లేదు. ముసుగు జారిపోయింది.

“బావగారూ! మీకు కాలు కావాలా, దిండు కావాలా? ఏదో ఒకటి చెప్పండి!”

అత్తగారు చేటలో బియ్యం ఏరుతూ చెయ్యి గాలిలో ఆపేసింది. నేను ఆగలేదు. “గాడిపొయ్యి ముందు నిలబడతారా, ఇక్కడే పడుకుని నేను తోమే గిన్నెలు లెక్కపెడతారా? ఆ మోకాలు బిగిసిందంటే మిమ్మల్ని ఆ పరమాత్ముడు కూడా నిలబెట్టలేడు. అప్పుడు ఈ దిండు నిలబెడుతుందా మిమ్మల్ని?” అని దిండు లాగి, పెరట్లోకి వెళ్ళి, నీళ్ళకాగు కింద మంటలో కుక్కేశాను. బూరుగుదూది భగ్గుమంది. కాలిన కంపు వీధి దాకా పోయింది.

తిరిగి వసారాలోకి వచ్చాను. పుట్టింటికి పంపేస్తారనే అనుకున్నాను. బావగారు పైకప్పు వంక చూస్తూ అన్నారు.

“అమ్మా, ఈ అమ్మాయికి గొంతుందా? ఇన్నేళ్ళూ మూగదేమో అనుకున్నాను.”

తర్వాత మొదటిసారి నా వైపు తిరిగి, “ఏం చెయ్యమంటావు?” అన్నారు.

చెయ్యాల్సింది చాలా ఉంది. వేడి నువ్వులనూనెతో మోకాలు మర్దనా చేసి, రెండు చేతులతో నొక్కిపట్టేదాన్ని. నా బలం చాలకపోతే రుబ్బురోలు పొత్రాన్ని పాతచీరలో చుట్టి మోకాలి మీద పెట్టేదాన్ని. బోర్లా పడుకోబెట్టేదాన్ని. పుండు పూర్తిగా మానాక, తర్వాత కొయ్య మీద ఆనాలి గనుక ఊకమూట మీద మొండిని ఒత్తించేదాన్ని. ఆయన అరిచేవారు. వంటశాలల్లో పనివాళ్ళను తిట్టే తిట్లన్నీ నన్ను తిట్టేవారు. అలాంటి మాటలు ఈ లోకంలో ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది. “తిట్టండి, తిట్టండి, మోకాలు మాత్రం చాపి తిట్టండి” అనేదాన్ని.

నొప్పి మరిచిపోవడానికి వంటల గురించి అడిగేదాన్ని. ఊరందరికీ పులిహోర కలిపేటప్పుడు అన్నం ముద్దకాకుండా ఏం చేస్తారు? ఎండలో పాలు విరిగితే ఏం చేస్తారు? ఆయన చెప్పేవారు. నాకు నచ్చకపోతే కాదనేదాన్ని. ఒక రోజు పనసపొట్టు కూరలో ఆవ ఎప్పుడు వెయ్యాలో వాదన వచ్చింది. ఆయన ఆగి, “ఉండు. ఇన్నేళ్ళూ నేను ఈ ఇంట్లో తిన్న ఆవకూర నీదా? అమ్మది అనుకున్నానే!” అన్నారు. ఆ మాటకు నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. అన్నేళ్ళూ నా వంట తిన్న అంత గొప్ప వంటవాడికి నేనున్నట్టే తెలియదు.

మోకాలు కొంచెం కొంచెంగా దిగింది. కాంపౌండరుగారు మళ్ళీ వచ్చి చూసి, ఆసుపత్రిలో కొయ్యకాళ్ళు ఉన్నాయని, తోలుపట్టీలతో కట్టుకోవాలని చెప్పారు. తోలు అనేసరికి అత్తగారు చెవులు మూసుకుంది. మడికట్టుకుని వండాల్సిన మనిషి తోలు ఎలా కట్టుకుంటాడు? నిజమే మరి. తోలు కట్టుకున్నవాడి చేత వండించుకునే పెళ్ళివారు మా వైపు ఎవరూ లేరు. ఊళ్ళో వడ్రంగి చేత పనసకొయ్యతో కాలు చేయించాం. మొండి దిగే చోట దూది కుట్టాను. పాత పంచెలు చించి జడల్లా అల్లి పట్టీలు కట్టాను. తడిసినా ఉతికి ఆరేసుకోవచ్చు. అత్తగారు దాన్ని తడిమి, “ఈ కాలైనా పారేసుకోకండి” అంది.

నిలబెట్టే రోజు మా వారు ఊళ్ళోనే ఉన్నారు. కాలు తగిలించి, పట్టీలు బిగించి, చేతికర్ర తెస్తానని వీధిలోకి వెళ్ళారు. బావగారు ఆగలేకపోయారు. మంచం పక్కన వేలాడే ఉయ్యాలబల్ల గొలుసు పట్టుకుని మంచం మీద నుంచి పైకి లాక్కున్నారు. ఊగారు. పళ్ళు బిగించారు. లేచి నిలబడ్డారు. ఆయన అంత పొడుగని నాకు తెలియదు.

నేను సంతోషించాలి కదా! సంతోషించే తీరిక కూడా లేకపోయింది. ఆయన నిలబడిన క్షణంలో నా కాళ్ళు వాటంతట అవే నన్ను తీసుకుపోయి వంటింటి తలుపు వెనక నిలబెట్టాయి. నేను వెళ్ళాలనుకోలేదు. వెళ్ళానని అక్కడ చీకట్లో ముసుగు సవరించుకుంటున్నప్పుడు గాని తెలియలేదు. నా మీద నాకే దిగ్భ్రమ కలిగింది.

వసారాలోంచి బావగారి గొంతు వినిపించింది. “అమ్మా, ఆ అమ్మాయి ఎందుకు వెళ్ళిపోయిందో అడుగు.”

“ఎందుకు వెళ్ళిపోయావే?” అంది అత్తగారు.

నా నోటి నుంచి మాట దానంతట అదే వచ్చింది. “బావగారు నిలబడ్డారు కదండీ.”

గొలుసు కిర్రుమంది. మంచం కిర్రుమంది.

“కూర్చున్నానని చెప్పమ్మా” అన్నారు ఆయన.

తలుపు సందులోంచి చూశాను. నిజంగానే కూర్చున్నారు. చెమటతో ముఖమంతా తడిసిపోయింది. కొయ్యకాలు ముందుకు చాపి, నేల వంక చూస్తూ ఎదురుచూస్తున్నారు. ఏ నిలబడటం కోసం ఆ మనిషి అన్నాళ్ళు అరిచి చచ్చాడో దాన్ని నేను బయటికి రావడం కోసం వదిలేసి కూర్చున్నాడు.

చేతికర్ర పట్టుకుని మా వారు వచ్చారు. “ఇంకా లేవలేదా అన్నయ్యా?”

“లేచానురా. కూర్చున్నాను.”

“అదేంటి, నొప్పిగా ఉందా?”

“లేదు” అన్నారు. ఎందుకు కూర్చున్నారో చెప్పలేదు.

నేను గుమ్మం దాటి వచ్చాను. మా వారి ముందు, అత్తగారి ముందు, ముసుగు లేకుండా ఆయనకు ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. మా వారి నోరు తెరుచుకునే ఉండిపోయింది. గట్టిగానే అన్నాను.

“కూర్చోవడానికా బావగారూ, నేను ఇన్నాళ్ళూ మీ మోకాలి మీద పొత్రాలు పెట్టింది? లేవండి.”

ఆయన తల ఎత్తి నన్ను చూశారు. గొలుసు అందుకున్నారు. లేచారు. నేను లోపలికి వెళ్ళలేదు.